బాతులు చుండ్రు తినవు

మా మనవరాలు పెర్సిస్ తలలో చుండ్రు పడిందని ముందుగా కనిపెట్టింది నేనే. నా తలలో పడే వీల్లేదు కాబట్టి ఎదుటివాళ్ళ తలలు తీరిగ్గా చూసే భాగ్యం దేవుడు నాకిచ్చాడు. చేపలన్నీ పట్టేసి ఎండగట్టిన చెరువులాంటిది నా నెత్తి. చుట్టూ గట్టు మీద మాత్రం కాస్త గడ్డి ఉంటుంది.

పెర్సిస్ మా అమ్మాయి క్రిస్టినా కూతురు. క్రిస్టినాది చింతలపూడిలో టీచరు ఉద్యోగం. ఈ పిల్లకి డిగ్రీ అవుతూనే తాడేపల్లిగూడెంలో ఒక నగల షోరూములో పని దొరికింది. చింతలపూడి నుంచి గూడెం రోజూ తిరగడం కుదిరే పని కాదు గనుక పెట్టె సర్దుకుని మా దగ్గరికి వచ్చేసింది. మాది నిడమర్రు దాటాక కొల్లేటి అంచున చిన్న ఊరు. ఎటు చూసినా చేపల చెరువులు, మధ్యలో మేము. పొద్దున్నే మా రేవు దగ్గర బస్సెక్కితే టిఫిను అరిగేలోగా గూడెంలో దిగుతుంది.

ఆ ఉద్యోగమంటే పిల్లకి ప్రాణం. సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పినట్టు గుట్టపూసల హారం, కాసులపేరు, చంద్రహారం, నక్షి వంకీ అని సాయంత్రం పూట వల్లె వేసేది. మా ఆవిడ మణెమ్మ మెడకి తువ్వాలు చుట్టి, "ఇది మీకు బాగా నప్పిందండి, అద్దంలో చూసుకోండి" అనేది. మణెమ్మ నిజంగానే అద్దంలో చూసుకునేది. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను తువ్వాలైనా తేలేదన్నట్టు నా వంక ఒక చూపు చూసేది.

అలాంటి పిల్ల ఒకరోజు బస్సు దిగి మాట్లాడకుండా వచ్చి, తన నల్ల కోటు విప్పి మంచం మీద పరిచింది. షోరూములో ఆడపిల్లలందరికీ ఆ నల్ల కోటే యూనిఫారం. భుజాల మీద తెల్లగా, పిండి జల్లెడ పట్టినట్టు ఉంది.

"మేనేజరు వెంకట్రాజు గారు పిలిచారు తాతయ్యా. నేను హారం చూపిస్తుంటే ట్రే మీద రాలిందంట. ఆ ట్రే నల్ల ముఖమల్ కదా. కొనడానికి వచ్చినావిడ హారం వదిలేసి దాన్ని వేలితో తీసి చూసింది."

"ముత్యం అనుకుని ఉంటుందిలే అమ్మడూ."

"నవ్వకండి తాతయ్యా. అక్షయ తృతీయకి కౌంటర్లో ఎవరుండాలో ఈ సోమవారం కాక పై సోమవారం తేలుస్తారంట. అప్పటికి తగ్గితే హారాల కౌంటరు. లేకపోతే లోపల ట్యాగులు కట్టే గది. ఒకసారి లోపలికి పంపితే మళ్ళీ బయటికి తీసుకోరు. కిటికీ కూడా ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

ఈ చివరి మాటకి నాకూ గుండె జారింది. మా వంశంలో మాట్లాడక్కర్లేని పని చేసి బతికి బట్టకట్టినవాడు లేడు.

మణెమ్మ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుని పాయలు తీసి చూసింది. "చుండ్రే. పెద్దగా లేదు గానీ ఉంది. షాంపూల పుణ్యం. నువ్వు దిగులు పడకు, మెంతులు నానబోస్తాను."

"ఫోనులో కూడా అదే ఉందమ్మమ్మా. మెంతులు, పెరుగు కలిపి హెయిర్ మాస్క్."

"కరోనా నాడు మూతికి కట్టారు మాస్కు. ఇప్పుడు నెత్తికెక్కిందా" అన్నాను.

"మీరు ఊరుకోండి. మీకు వెయ్యడానికి చోటుంది గానీ పట్టుకోవడానికి ఏమీ లేదు" అంది మణెమ్మ.

మర్నాటి సాయంత్రం నుంచి వైద్యం మొదలైంది. నానిన మెంతులు రుబ్బి, పుల్ల పెరుగు కలిపి, నిమ్మకాయ పిండి, పిల్ల నెత్తి మీద అరచేతి మందాన మెత్తింది మణెమ్మ. ఆ వాసనకి పక్కింటి పాపాయమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఆవిడ భీమశంకరం గారి భార్య. వాళ్ళకి వరి చేలున్నాయి, బాతులున్నాయి, ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంది.

"పెరుగు పెడితే జలుబు చేస్తుంది వదినా. మందారాకు నూరి పెసరపిండి కలిపి పెట్టు. మా మనవరాలు హర్షిణికి అదే పెట్టాను."

"మీ హర్షిణికి జుట్టు భుజాల దాకానే కదా."

"అది కత్తిరించుకుంది వదినా, ఊడలేదు."

ఇద్దరి మాటా కాదనలేక పిల్ల రెండూ ఒప్పుకుంది. ఒకరోజు మెంతులు, పెరుగు. ఒకరోజు మందారాకు, పెసరపిండి. పెట్టుకోవడం, ఆరేదాకా కూర్చోవడం, బోరు కుళాయి కింద తల పెట్టి కడుక్కోవడం, పొద్దున్నే దువ్వుకుని బస్సెక్కడం.

ఇక్కడ మా ఊరి నీళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మాకు నీళ్ళు రెండు కులాలు. బోరు నీళ్ళు ఉప్పన. వాటిలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. స్నానాలకీ అంట్లకీ బట్టలకీ అవే. తాగడానికీ, పప్పుకీ, టీకీ మాత్రం ఫిల్టరు ప్లాంటు నుంచి తెచ్చుకునే టిన్ను నీళ్ళు. ఆ టిన్నుకి మా మణెమ్మ ఇచ్చే మర్యాద మా పాస్టరు గారికి కూడా ఇవ్వదు. ఒకసారి మా అల్లుడు తెలియక ఆ నీళ్ళతో ఎంగిలి చెయ్యి కడుక్కున్నాడు. మణెమ్మ అతని వంక చూసిందంతే. ఆ తరవాత అతను చింతలపూడి నుంచి వచ్చినప్పుడల్లా ఒక టిన్ను వెంట తెచ్చుకుంటున్నాడు.

పిల్ల తలకి పట్టు వేసుకుని అరుగు మీద దిగులుగా కూర్చుంటే నా వంతు వైద్యం నేను చేసేవాణ్ణి.

"జుట్టంటే మా మేనత్త మార్తమ్మదే అమ్మడూ. జడ విప్పితే మా వీధి మొదటి నుంచి రేవు దాకా వచ్చేది. ఒకసారి పెద్ద తుఫాను. ఆకివీడు సంత నుంచి వస్తున్న పడవ కొట్టుకుపోతోంది. మా మేనత్త గట్టు మీద నిలబడి జడ విసిరింది. పడవలోవాళ్ళందరూ దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరు ఒడ్డెక్కేశారు. ఆఖర్న గేదె కూడా."

"గేదె జడ ఎలా పట్టుకుంది తాతయ్యా?"

"పళ్ళతో. అందుకే ఆవిడ జడ కొస చిట్లిపోయి ఉండేది."

లోపలి నుంచి మణెమ్మ గొంతు వినబడింది. "మార్తమ్మ గారిని నేను చూశానండీ. జుట్టు లేకే ముసుగు తీసేవారు కాదు."

"గేదె లాగాక ఏం మిగులుతుంది మరి."

పిల్ల నవ్వింది. అయితే నవ్వుకి చుండ్రు రాలడం ఆగదు కదా.  అది ఆగలేదు సరికదా, పట్టు వేసినకొద్దీ పెరిగింది. మొదట్లో భుజాల మీద పిండి జల్లెడ పట్టినట్టున్నది, వారం తిరిగేసరికి రవ్వ పోసినట్టయింది. మణెమ్మ మెంతులు రెట్టింపు చేసింది. మణెమ్మ రెట్టింపు చేసిందని పాపాయమ్మ పెసరపిండి రెట్టింపు చేసింది. వెంకట్రాజు గారు ఇప్పుడు పిల్లని హారాల వైపు రానివ్వడం లేదట. చెవి కమ్మలు, అదీ దూరం నుంచి చూపించమన్నారట.

శనివారం సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నాను. బస్సు ఆగింది. పెర్సిస్ దిగింది. చెరువు గట్టు మీద తలొంచుకుని నడిచి వస్తోంది. ఆమె వెనకాల పాపాయమ్మ గారి బాతుల మంద. పెళ్ళికూతురి వెనక తోడి పెళ్ళికూతుళ్ళలాగా వరసగా, నేల మీద ఏదో ఏరుకుంటూ వస్తున్నాయి. పిల్ల నిలబడితే అవీ నిలబడుతున్నాయి. నడిస్తే నడుస్తున్నాయి.

ఇంటికొచ్చి కోటు తీసి మంచం కోడుకి తగిలించిందో లేదో, అందులో పెద్ద బాతు ఒకటి మెడ సాచి కోటు భుజాన్ని టకటకా పొడిచి తినడం మొదలుపెట్టింది.

పెర్సిస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాతులకి కూడా లోకువైపోయాను తాతయ్యా. సోమవారం ఆ గదిలోకి పోతాను, అంతే. ఇక ఏ పట్టూ వద్దు."

 ఆ బాతు వంకే చూస్తున్నాను. నేను కొల్లేట్లో పుట్టాను. బాతు నత్తని తింటుంది, తవుడు తింటుంది, చిన్న చేప తింటుంది, ఎవరూ చూడకపోతే పక్కవాళ్ళ నారుమడి తింటుంది. మనిషి చుండ్రు తిన్న బాతుని నేను ఎరగను. అలాంటిది ఉందని మా వంశంలో ఎవరూ చెప్పనైనా చెప్పలేదు. ఎంత వంశమైనా అబద్ధానికి ఒక హద్దు ఉంటుంది.

కోటు మీంచి కొంచెం తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. మెంతి వాసన. ఇంకొంచెం నలిపాను. ఆ కింద పచ్చి పెసర వాసన.

"మణెమ్మా, ఇలా రా. ఇది చుండ్రు కాదు."

"మరేంటండీ?"

"నువ్వు పెట్టిన మందు. పాపాయమ్మ పెట్టిన మందు. బోరు నీళ్ళకి వదలక తలలోనే ఎండి రాలుతోంది. బాతులు చుండ్రు తినవు, పెసరపిండి తింటాయి."

మణెమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "దీనికి గేదె సాక్ష్యం ఉందాండీ?"

గోడ మీంచి పాపాయమ్మ కూడా అంది. "అన్నయ్య గారూ, పిల్ల ఏడుస్తుంటే కూడా మీకు కథలేనా?"

చూశారా. జన్మలో ఒక్కసారి నిజం చెబితే గేదె వచ్చి అడ్డం నిలబడింది. పెర్సిస్ కూడా నమ్మలేదు. నన్ను చూసి జాలిగా నవ్వి ముక్కు తుడుచుకుంది. ఆ జాలి నాకు కష్టంగా తోచింది.

ఇక మాటలతో పని లేదని లేచాను. దువ్వెనకి చిక్కిన పిల్ల జుట్టు మణెమ్మ ఎప్పుడూ ఉండ చుట్టి గూట్లో దాస్తుంది, స్టీలు గిన్నెలవాడు వస్తే ఇవ్వడానికి. అందులోంచి రెండు ముద్దలు తీశాను. గిన్నెల్లో మిగిలిన మెంతిపిండీ పెసరపిండీ ఆ ముద్దలకి పట్టించి ఫ్యాను కింద పెట్టాను. ఎండాకాలం గనుక అప్పడంలాగా ఎండిపోయాయి. ఒకదాన్ని కుంకుడు రసం వేసి బోరు నీళ్ళలో కడిగాను. రెండో దానికి వంటింట్లోకి వెళ్ళి, మణెమ్మ చూస్తుండగానే, టిన్నులోంచి చెంబుడు నీళ్ళు ముంచాను.

"ఏవండీ" అంది మణెమ్మ. ఆ ఒక్క మాటలో మా అల్లుడి మీద పడిన చూపంతా ఉంది.

నేను ఆగలేదు. కడిగాను. రెండు ముద్దలూ మళ్ళీ ఫ్యాను కింద ఆరబెట్టి, పిల్ల కోటు తిరగేసి వీపు మీద ఒక్కొక్కటే దులిపాను. టిన్ను నీళ్ళ ముద్ద కిందేమీ రాలలేదు. బోరు నీళ్ళ ముద్ద దులిపితే నల్ల బట్ట మీద తెల్లగా రవ్వ పడింది. పెద్ద బాతు నాకంటే ముందే వచ్చి తినేసింది.

పెర్సిస్ ఆ ముద్దలు అందుకుని అటూ ఇటూ తిప్పింది. "అమ్మమ్మా, చింతలపూడిలో ఉన్నప్పుడు నాకు ఇంత ఎప్పుడూ లేదు. అక్కడ నీళ్ళు మంచివి కదా."

మణెమ్మ మంచం మీద కూలబడింది. "అయితే ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే పోశానా దీని నెత్తి మీద?"

"ఎందుకలా అనుకుంటావు" అన్నాను. "నీ మెంతులు పనిచేశాయి. ఉన్న కాస్త చుండ్రూ ఎప్పుడో చచ్చి ఉంటుంది. పిల్ల మోస్తున్నది వైద్యాన్ని."

 గోడ అవతలి నుంచి పాపాయమ్మ బాతుల్ని పిలుచుకుంది. అవి వెళ్ళలేదు.

కారణం తెలిసింది. ఇక మంచినీళ్ళతో ఒకసారి నిండుగా తలంటితే సరిపోతుంది. కానీ మంచినీళ్ళేవి? ఫిల్టరు ప్లాంటులో మోటారు కాలిపోయి శుక్రవారం నుంచి మూసి ఉంది. సోమవారం గానీ తెరవరు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చెంబులు లెక్కపెట్టుకుని తాగుతున్నారు. మా ఇంట్లో నిండు టిన్ను ఒక్కటే మిగిలింది. అది మర్నాటి పప్పు కోసం.

పప్పంటే మామూలు పప్పు కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అనిల్ కుమార్ గారు మా ఇంట్లో భోజనానికి వస్తున్నారు. సంఘంలో వంతులవారీగా పిలుస్తారు. మణెమ్మ ముద్దపప్పుకి ఊళ్ళో పేరుంది. కిందటి వంతులో విజయకుమారి గారింట్లో పప్పు మాడిందని మణెమ్మ పైకి జాలిపడి లోపల ఎంత సంతోషించిందో నాకూ ప్రభువుకీ తెలుసు.

నేను ఏమీ అడగలేదు. పెర్సిస్ అసలే అడగలేదు. "నేను చింతలపూడి వెళ్ళి తలంటుకుని వస్తాను అమ్మమ్మా" అంది. రేపు ఆదివారం మా ఊరికి బస్సు రాదని తెలిసే అంది.

ఆదివారం తెల్లారి నేను లేచేసరికి దొడ్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పక్కన టిన్ను మూత తీసి ఉంది. మణెమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కుంకుడుకాయలు పిసుకుతోంది. గిన్నెలో నురగ పొంగుతోంది. మా ఇంట్లో కుంకుడు నురగ చూసి ఎన్నేళ్ళయిందో. పాలు పొంగాయనుకుని ఊదబోయాను.

పిల్లని పీట మీద కూర్చోబెట్టి, పాయ పాయా విడదీసి, వేళ్ళతో మెల్లగా రుద్దుతూ చెంబు చెంబూ పోసింది. మొదటి చెంబుకి పచ్చటి నీళ్ళు దిగాయి. తరవాత తెల్లటివి. ఆ తరవాత నీళ్ళలాంటి నీళ్ళు. కిందికి పోయేవి కూడా వదలకుండా తొట్టి పెట్టి పట్టింది, కరివేపాకు మొక్కకి పొయ్యడానికి. ఆఖరి చెంబు దగ్గర ఒక్క క్షణం ఆగి టిన్నులోకి తొంగి చూసింది. వంచేసింది.

"అమ్మమ్మా, పాస్టరు గారి పప్పు?"

"కళ్ళు మూసుకో. కుంకుడు పడుతుంది."

కాసేపటికి పాపాయమ్మ గోడ మీంచి ఒక చెంబు అందించింది. "తాగడానికి వదినా. తలకి కాదు." మణెమ్మ అందుకుంది. 

మధ్యాహ్నం పాస్టరు గారు వచ్చారు. కొరమీను పులుసు అమోఘంగా ఉంది. పప్పు మాత్రం బోరు నీళ్ళలో ఉదయం నుంచీ ఉడికి, ఇంకా పొలంలో ఉన్నప్పటిలాగే ఉంది. పాస్టరు గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా, చాలాసేపు ధ్యానంలో ఉన్నట్టు కూర్చున్నారు.

"కొత్త రకం కందులండి" అన్నాను నేను. "దెందులూరు నుంచి తెప్పించాం. నమిలినకొద్దీ బలం."

"ఆయన మాట నమ్మకండి" అంది మణెమ్మ. మొహం ఎర్రబడింది గానీ చెప్పేసింది. "పప్పుకి ఉంచిన మంచినీళ్ళు పొద్దున్న పిల్ల నెత్తి మీద పోశానండి. దాని ఉద్యోగం సంగతి."

అంతా విని పాస్టరు గారు పెర్సిస్ తల వైపు చూశారు. ఆరిన జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన పప్పు మెల్లగా పక్కకి జరిపారు. "అభిషేకానికి పోసినవి తిరిగి అడగకూడదమ్మా. ఇంకాస్త పులుసు వెయ్యండి."

సోమవారం నేను కూడా బస్సెక్కాను. పిల్ల వద్దంది. నేను గూడెంలో ఉల్లిపాయలు కొనాలన్నాను. నగల షోరూములో ఉల్లిపాయలు అమ్మరని తెలిసినా లోపలికి వెళ్ళి మెత్తటి కుర్చీలో కూర్చున్నాను.

వెంకట్రాజు గారు సన్నగా పొడుగ్గా ఉన్నారు. మాట మెత్తనే. పిల్లని హారాల కౌంటరు దగ్గరికి పిలిచి నల్ల ముఖమల్ ట్రే ముందు పెట్టారు.

"ఏమీ అనుకోకమ్మా. జుట్టు ముందుకి వేసి ఒకసారి దువ్వు."

పెర్సిస్ జడ విప్పింది.  నాకు కుర్చీ మెత్తగా అనిపించడం మానేసింది. దువ్వెన పైనుంచి కింది దాకా వచ్చింది. మళ్ళీ వచ్చింది. వెంకట్రాజు గారు కళ్ళజోడు తుడుచుకుని, ఫోనులో లైటు వేసి, ట్రే మీదికి వంగి చూశారు. ఒక పొడుగాటి వెంట్రుక తప్ప ఏమీ లేదు. అది కూడా నల్లదే.

ఆయన ట్రే దులిపి ఆ పిల్ల చేతికిచ్చారు. "గుట్టపూసలు నువ్వు తీసుకోమ్మా. కాసులపేర్ల వైపు లక్ష్మీప్రసన్న ఉంటుంది." తరవాత గొంతు తగ్గించారు. "మా ఇంట్లో కూడా ఈ బాధ ఉంది. ఏం పెట్టావమ్మా?"

"మెంతులు, పెరుగండి. తరవాత పప్పు నీళ్ళండి" అంది పెర్సిస్.

"పప్పు నీళ్ళా?"

"అదొక పెద్ద సంగతండి" అన్నాను నేను కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "మా మేనత్త మార్తమ్మ అని ఉండేదండి. ఒకసారి పెద్ద తుఫాను..."

"తాతయ్యా, మీ ఉల్లిపాయలు" అంది పెర్సిస్. అంటూనే అప్పుడే వచ్చిన ఒక పెద్దావిడ వైపు తిరిగింది. "రండమ్మా, కూర్చోండి. ఈ హారం మీకు బాగా నప్పుతుందండి, అద్దంలో చూసుకోండి."

ఆవిడ అద్దంలో చూసుకుంది. నేను వచ్చేశాను.

ఇప్పుడు మా వంటింట్లో టిన్నులు రెండు. ఒకటి పప్పుది, ఒకటి పెర్సిస్ తలది. రెండోదాని వంక నేను చూడడానికి కూడా వీల్లేదు. మెంతులు వారానికొకసారే, పల్చగా. పాపాయమ్మ పెసరపిండి పెసరట్లకి తిరిగి వెళ్ళింది.

బాతులకే అన్యాయం జరిగింది. బస్సు హారను వినబడగానే ఈనాటికీ రేవు దగ్గర వరస కడతాయి. పిల్ల వెనక నడిచి వస్తాయి. శుభ్రంగా ఉన్న ఆ కోటు భుజాలు చూసి, తరవాత అరుగు మీద కూర్చున్న నా వంక చూస్తాయి. నిజం కనిపెట్టింది నేనే కదా, వాటి నోటి దగ్గర కూడు తీసింది నేనే. చూసి చూసి మనసొప్పక నిన్న సాయంత్రం మణెమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళినప్పుడు గుప్పెడు పెసరపిండి తడిపి నా నెత్తికి పట్టించుకుని, ఆరాక గట్టు దగ్గర తలొంచి కూర్చున్నాను. ఒక్క పలుకు మిగల్చకుండా తినేశాయి.

పొద్దున్న తడిమి చూసుకుంటే నడినెత్తి మీద కొత్తగా నాలుగు వెంట్రుకలు. మణెమ్మకి చెబితే నమ్మడం లేదు. మీరైనా ఆ బాతుల్ని అడగండి.